.38 స్పెషల్, .380 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటాలు ఒకటేనా? చివర్లో సున్నాయే కదా తేడా?

కాదు. లెక్కల్లో ఆ సున్నాకు విలువ లేదు గానీ ఇక్కడ తూటాయే మారిపోతుంది. .38 స్పెషల్ రివాల్వర్ తూటా. దాని గుల్ల (మందు నింపే లోహపు తొడుగు) అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, గుల్ల పొడవు సుమారు 29 మిల్లీమీటర్లు. 1908లో వచ్చిన .380 ఏసీపీ పిస్టల్‌ది. గుల్ల 17 మిల్లీమీటర్లే, పొడుచుకొచ్చే అంచు ఉండదు. రెండూ పక్కపక్కన నిలబెడితే అన్నా తమ్ముళ్లలా కూడా కనిపించవు.

తమాషా ఏమిటంటే, .38 స్పెషల్ గుండు (తూటా నుంచి ఎగిరిపోయే ముందు భాగం) వ్యాసం నిజానికి .357 అంగుళాలు. పాతకాలంలో గుండు గుల్లంత లావుండేది. కొలత మారినా పేరు మిగిలిపోయింది. అందుకే .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ పేలుతుంది. తిరగేసి మాత్రం చేయకూడదు. మాగ్నమ్ పీడనం చాలా ఎక్కువ, అది దూరకుండా ఉండాలనే గుల్లను మూడు మిల్లీమీటర్లకు పైగా పొడిగించారు.

'9 ఎంఎం' అన్న పేరూ ఇలాంటి చిక్కే. 9×17 అంటే మన .380 ఏసీపీయే, 9×18 మకరోవ్, 9×19 పారాబెల్లమ్. రెండో అంకె గుల్ల పొడవు. మకరోవ్ గుండయితే దాదాపు 9.27 మిల్లీమీటర్లు!

కాబట్టి డబ్బా మీద పేరు సగం చదివి ఊరుకోవద్దు. తుపాకీ గొట్టం మీద చెక్కిన పేరు, గుల్ల అడుగున ముద్ర అక్షరం పొల్లుపోకుండా కలవాలి (పైన చెప్పిన మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ లాంటిది తప్ప).