రెండెకరాల పత్తి వేసిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

చంద్రగిరి పక్క చేలో ఈసారి చెనక్కాయ మానేసి రెండెకరాలు పత్తి వేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన పక్క పత్తి వేసేవాళ్లు తక్కువ, అడుగుదామన్నా పక్క కయ్యలో మనిషి దొరకడు. అందుకే ఈ జాబు. మీ అత్తమ్మ వాళ్ల ఊళ్లో, నరసరావుపేట దగ్గర, నేను పన్నెండేళ్లు పత్తి చేసినవాణ్ణి కదా.

విత్తనాలకు రంగు మందు పట్టించి ఉంటుంది. మొదటి మూడు వారాలు దాదాపు అదే కాస్తుంది. ఆకుల మీద గుంపుగా చేరి రసం పీల్చే పేనుబంక కాస్త కనపడగానే అంగడికి పరిగెత్తొద్దు. అక్షింతల పురుగులు వచ్చి దాన్ని తింటాయి. మందు కొడితే ముందు చచ్చేది అవే.

1985 ప్రాంతంలో నేను చేసిన తప్పు ఇదే. కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందు కొడితే చేను అద్దంలా ఉంటుందని అంగడాయన చెప్పాడు. వారానికొకసారి కొట్టా. పురుగు పోయింది, తెల్లదోమ దిగింది. చెట్టు కదిపితే పిండి చల్లినట్టు లేచేది. ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి బూజు. మీ అత్తమ్మ గాజులు రెండు ఆ ఏడే పోయాయి. ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే, చూసి లెక్కపెట్టడం. పొద్దున్నే, ఎండ రాకముందు పో. చల్లగా ఉన్నప్పుడు దోమ లేవదు. మూలకు కొన్ని చొప్పున ఇరవై చెట్లు ఎంచుకుని, ఆకును మెల్లగా తిప్పి అడుగున చూడు. లేతపచ్చ రంగులో ఉండి, పీతలాగా పక్కకు నడిచేది పచ్చదోమ. ఆకుకు రెండు పిల్లపురుగులు దాటి, అంచులు పసుపెక్కి కిందికి ముడుచుకుంటుంటే అప్పుడు మందు. తెల్లదోమయితే ఆకుకు ఆరేడు దాకా ఓర్చుకోవచ్చు. అప్పుడు కూడా చేనంతా తడపకుండా, ఫ్లోనికామిడ్ అనే మందు ఒక వంతుకు ఇరవై వంతుల నీళ్లు కలిపి, లేత కాండానికి బ్రష్షుతో పూయించు. విత్తిన నెలకు ఒకసారి, నలభై అయిదో రోజు ఒకసారి, అరవయ్యో రోజు ఒకసారి. కూలి పడుతుంది గానీ మంచి పురుగులు బతుకుతాయి.

వేపగింజలు ఏరి పెట్టుకున్నావా? అయిదు కిలోల పప్పు దంచి, మూటకట్టి రాత్రంతా నానబెట్టి, ఆ మూటను పిండి వడకట్టి, కాస్త సబ్బుపొడి కలిపి వంద లీటర్లు చేసుకో. సాయంత్రం పూట కొట్టు, ఎండకు దాని బలం పోతుంది. గట్ల మీద ఆముదం, బంతి వేస్తే లద్దెపురుగు, శనగపచ్చ పురుగు ముందు వాటి మీద గుడ్లు పెడతాయి. గుడ్లున్న ఆకులు, మొగ్గలు తుంచేస్తే సరిపోతుంది.

అసలు టెన్షన్ గులాబీ రంగు పురుగుతో. కాయ తొలిచే పురుగును చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి 2002లో వచ్చింది, రెండు జన్యువులది 2006లో. ఈ పురుగు దానికి అలవాటు పడిపోయింది. పైకి కనపడదు, అదే దీని దొంగతనం. పూత దశలో పొద్దున చూస్తే కొన్ని పూలు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా మూసుకుని ఉంటాయి, వాటినే గుడ్డిపూలు అంటారు. ఒకటి విప్పు, లోపల పురుగు ఉంటుంది. తర్వాత ఇరవై పచ్చికాయలు కోసి గోటితో చీల్చి చూడు. రెండింటిలో పురుగు కనపడితే పదిశాతం, ఇక ఆగకూడదు. నలభై అయిదో రోజుకల్లా ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు, అంటే మగ రెక్కల పురుగులను వాసనతో లాగే బుట్టలు, కట్టు. బుట్టకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున మూడు రాత్రులు వరసగా పడితే మందు పట్టు. ప్రొఫెనోఫాస్ మందు లీటరు నీళ్లకు రెండు మి.లీ. మూడు మందులు కలిపి కొట్టమని ఎవరన్నా చెబితే వినొద్దు. మూతికి గుడ్డ, పొడుగు చేతుల చొక్కా లేకుండా మనిషిని పంపొద్దు.

ఏ పురుగో తెలియకపోతే ఆకును కవర్లో వేసుకుని తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి పో.

డిసెంబరు దాటాక ఇంకో తీత వస్తుందని ఆశపడొద్దు. కట్టె పీకి చేలోంచి తీసేయి. వంటచెరుకని కొట్టం పక్కన పేరిస్తే వచ్చే ఏటికి పురుగును నువ్వే పెంచినట్టు.

వినాయక చవితికి వస్తున్నా. బుట్టలు కట్టి ఉంచు, చేలో ఇద్దరం నడుద్దాం. అప్పటిదాకా నన్ను అడక్కుండా ఏ డబ్బా కొనొద్దు.

మీ మామ