విశ్వం చదునో వంపో అమలాపురం డాబా మీంచి కొలవగలమా?

డిష్ పెట్టి విశ్వ నేపథ్య వికిరణాన్ని (విశ్వం తొలినాళ్లలో వెలువడి, ఇప్పుడు మైక్రోవేవ్‌లుగా అన్ని దిక్కుల నుంచీ వచ్చే కాంతిని) పట్టుకుని విశ్వం ఆకారం తేల్చవచ్చా అన్నది ప్రశ్న. సూత్రం పొలం సర్వే లాంటిదే. గట్టు పొడవు, దాని దూరం తెలిస్తే ఎంత కోణంలో కనబడాలో లెక్క వస్తుంది. ఇక్కడ గట్టు అంటే, విశ్వం వయసు 3.8 లక్షల ఏళ్లు వచ్చేసరికి వేడి ప్లాస్మాలో (అణువులు ఎలక్ట్రాన్లుగా, కేంద్రకాలుగా విడిపోయిన వాయువులో) ధ్వని తరంగం పోగలిగిన దూరం. విశ్వం చదునైతే, ఆ తరంగాల వల్ల వికిరణంలో పడిన ప్రధానమైన వేడి, చల్లటి మచ్చలు దాదాపు 1 డిగ్రీ ఉండాలి, అంటే పున్నమి చంద్రుడికి రెండింతలు. బంతిలా వంగితే ఇంకా పెద్దగా, గుర్రపు జీనులా వంగితే చిన్నగా కనబడతాయి.

డాబా మీద మాత్రం కుదరదు. వికిరణం ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, మచ్చల తేడా అందులో సుమారు లక్షో వంతు. కోనసీమ గాలిలోని తేమ ఆ వికిరణాన్ని మింగడమే కాదు, తానూ మైక్రోవేవ్‌లు వెదజల్లుతుంది. పక్కనున్న కొబ్బరి చెట్లూ, డాబా గచ్చూ 300 కెల్విన్ వేడితో డిష్ అంచుల్లోంచి చొరబడతాయి. అందుకే 1998లో బూమరాంగ్ బెలూన్‌ని అంటార్కిటికా మీద, 35 కిలోమీటర్లు దాటిన ఎత్తున ఎగరేసి, డిటెక్టర్లని సుమారు 0.3 కెల్విన్‌కి చల్లబరిచారు. మచ్చలు 1 డిగ్రీ దగ్గరే తేలాయి! తర్వాత ప్లాంక్ ఉపగ్రహం 9 ఫ్రీక్వెన్సీల్లో చూసింది, పాలపుంత ధూళిని విడదీయడానికి.

కోణం ఒక్కటే చాలదు, దూరం లెక్క విస్తరణ వేగాన్ని బట్టి మారిపోతుంది. గెలాక్సీల పంపిణీ కొలతలు కలిపాకే వంపు సున్నాకి అటూ ఇటూ 0.2 శాతం అని తేలింది. చదును అని తేలినంత మాత్రాన అనంతమని రుజువైనట్టు కాదు.