గిటార్ అప్పుడే అమ్మేయకు, చిన్నోడా

చిన్నోడా,

నాలుగు నెలలైనా ఒక్క పాట కూడా సరిగ్గా రావడం లేదని, గిటార్ అమ్మేద్దామనుకుంటున్నానని నువ్వు రాసింది చదివాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను మొదలుపెట్టేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. బ్యాంకు నుంచి వచ్చి, వంట ముగించి, తొమ్మిదింటికి గిటార్ పట్టుకునేదాన్ని. నీ బాధ నాకు తెలుసు రా.

చిన్నపిల్లలు తప్పు వాయించినా సంబరపడతారు. నీకు అలా కుదరదు. నలభై ఏళ్లుగా మంచి పాటలు విన్న చెవి నీది, వేళ్లేమో నిన్న మొన్ననే బడిలో చేరాయి. చిరాకు వేస్తోందంటే తప్పు నీకు వినిపిస్తోందన్నమాట. ఆ చెవి నీ ఆస్తి.

ముందు గిటార్‌ని చూడు. మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందుందో స్కేలు పెట్టి కొలువు. రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే ఫర్వాలేదు. నాలుగుంటే మాత్రం రిపేరు చేసేవాళ్లకిచ్చి తీగల ఎత్తు దింపించు. నా మొదటి గిటార్‌కి అంతే ఉండేది. కొన్న షాపులో ఎవరూ చెప్పలేదు. ఏడాది పాటు లోపం నా వేళ్లదే అనుకుని ఏడ్చిన రోజులున్నాయి. అది నీకు జరగకూడదు.

తీగని ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని, కాస్త వెనకాల నొక్కు. తక్కువ బలంతోనే పలుకుతుంది. వేలి కొసలు కాయలు కాయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో చాలా రోజులు మానేస్తే మళ్లీ మెత్తబడతాయి. అందుకే ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ పావుగంట మేలు. గిటార్‌ని కవర్లో కట్టి బీరువా మీద పెట్టకు, హాల్లో చేతికందేలా ఉంచు.

జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కి, అంటే ఒకేసారి మోగే ఒక స్వరాల గుంపు నుంచి ఇంకోదానికి, మారేటప్పుడు ఆగిపోతున్నానన్నావు. మీ అమ్మని అడుగు, సరళీ స్వరాలు ఎలా నేర్చుకుందో. మొదటి కాలం కుదిరితే గానీ మాస్టారు రెండో కాలానికి వెళ్లనిచ్చేవారు కాదు. నువ్వూ అంతే. టిక్ టిక్‌మని తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బలకి పెట్టి నాలుగు దెబ్బలు జీ, నాలుగు దెబ్బలు సీ వాయించు. తడబడితే 50కి దించు. ఎడమచేయి ఆలస్యమైనా కుడిచేయి ఆగకూడదు, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. రోజూ ఐదు నిమిషాలు ఇదే పని.

ఎఫ్ కార్డ్ గురించి టెన్షన్ వద్దు. ఆరు తీగలూ ఒకే వేలితో నొక్కే బారే నాకు ఎనిమిది నెలలకి పలికింది. అప్పటిదాకా నాలుగు తీగల ఎఫ్‌తో నడిపించు.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకే పాటని ఫోన్లో రికార్డు చెయ్యి. అప్పటికప్పుడు వినకు. మూడు నెలలయ్యాక మొదటిదీ, చివరిదీ పక్కపక్కన పెట్టి విను. యూట్యూబ్‌లో పదేళ్ల పిల్లలు వాయించే వీడియోలు ఈలోగా చూడొద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గిటార్ తీసుకురా. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్తవి నేను వేస్తాను.

ప్రేమతో,
అత్త