జీతం 35 వేలు పెరుగుతుందంటే ఢిల్లీకి మారడం లాభమేనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు చేతికి రూ.1,35,000 వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు, జీతం రూ.40,000. సొంత ఫ్లాటుకు రూ.38,000 ఈఎంఐ కడుతున్నాం. నవంబరులో ఢిల్లీ పక్కనే ఉన్న గురుగ్రామ్ ఆఫీసుకు రమ్మంటున్నారు. అక్కడ చేతికి రూ.1,70,000 వస్తుంది. అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. కోటలు, మ్యూజియాలు ఉన్న నగరంలో పెరిగితే తనకు మంచిదని మా ఆశ. ఇక్కడి ఫ్లాటు అమ్మి అక్కడే కొనుక్కోమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో పెరిగే రూ.35,000 కనిపిస్తోంది కానీ, ఆగిపోయే రూ.40,000 కనిపించడం లేదు. మీ భార్య ఉద్యోగం మానేసి వస్తే ఇంటి ఆదాయం పెరగదు సరికదా, రూ.5,000 తగ్గుతుంది. ఇక్కడి ఫ్లాటుకు రూ.28,000 అద్దె వస్తుందని, అక్కడ మీరు రూ.45,000 అద్దె కడతారని అనుకుంటే మరో రూ.17,000 తేడా పడుతుంది. అంటే ఆమెకు అక్కడ ఉద్యోగం దొరికేదాకా నెలకు రూ.22,000 లోటు. అదే ఆమెకు రూ.35,000 జీతంతో ఉద్యోగం దొరికినా రూ.13,000 మిగులు. కాబట్టి ఈ బదిలీ లాభమా, నష్టమా అన్నది మీ జీతం కన్నా ఆమె ఉద్యోగం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

అమ్మాయి విషయంలో మీ ఆశ సరైనదే, పైగా ఆ ఆశకు ఖర్చు కూడా తక్కువే. గురుగ్రామ్ నుంచి వచ్చే మెట్రో ఎల్లో లైన్ ఒక్కదాని మీదే కుతుబ్ మీనార్, లోదీ గార్డెన్‌కు దగ్గరి జోర్ బాగ్, పాత ఢిల్లీలోని చాందినీ చౌక్ స్టేషన్లు ఉన్నాయి. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, లోదీ గార్డెన్‌కైతే ఎవరికీ టికెట్ లేదు. జనవరి ఎండలో అక్కడి సమాధుల పక్కన దుప్పటి పరుచుకుని కమలాపళ్లు ఒలుచుకుంటూ ఒక మధ్యాహ్నమంతా గడిపిన కుటుంబానికి అయ్యే ఖర్చు మెట్రో ఛార్జీలు, పళ్ల ధర మాత్రమే. తెలుగు భోజనం మీద మనసు పోతే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. తెలుగు చదువు ఆగిపోతుందన్న బెంగ ఉంటే, దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలల్లో విచారించండి. అక్కడ లెక్కల టీచరు ఖాళీల గురించి కూడా అడగడం మరవకండి.

అయితే ఈ ఆనందాలన్నీ గాలి బాగున్న రోజుల్లోనే. మిమ్మల్ని రమ్మంటున్న నవంబరు ఢిల్లీకి అన్నిటికన్నా గడ్డు నెల. పొలాల్లో తగలబెట్టే వరిగడ్డి పొగ, వాహనాల పొగ, కదలని చల్లగాలి కలిసి వాయు నాణ్యతా సూచీ (ఇది ఎంత ఎక్కువైతే గాలి అంత చెడ్డదని అర్థం) 400 దాటిన రోజులు ఏటా చూస్తున్నాం. ఆ రోజుల్లో బడులకు సెలవులిస్తారు లేదా పాఠాలు ఆన్‌లైన్‌లో చెబుతారు. పార్కులు, కోటలు ఎంత ఉచితమైనా పిల్లను గడప దాటనివ్వలేరు. ఎయిర్ ప్యూరిఫయర్లు, వాటి ఫిల్టర్లు, డాక్టరు ఫీజులు కలిపి మొదటి సంవత్సరానికి కనీసం రూ.40,000 విడిగా పెట్టుకోమని నా సలహా. అమ్మాయికి ఆయాసం, ఉబ్బసం లాంటివి ఏవైనా ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరుతో మాట్లాడండి.

అందుకే, వీలైతే ముందు మీరొక్కరే వెళ్లండి. పేయింగ్ గెస్టుగా గది తీసుకుని, నెలకోసారి ఇంటికి వచ్చిపోయినా, పెరిగిన రూ.35,000లోనే ఆ ఖర్చు సర్దుకోవచ్చు. మీ భార్య జీతం ఆగదు, అమ్మాయి చదువు మధ్యలో తెగదు. ఢిల్లీ పాఠశాలల్లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక టీచరు ఉద్యోగాలకు ఆమె జనవరి నుంచే దరఖాస్తు చేసుకోవాలి. నియామక పత్రం చేతికి వచ్చాకే ఇక్కడ రాజీనామా ఇవ్వాలి.

కుటుంబం వచ్చాక ఇల్లు గురుగ్రామ్‌లో కాక దక్షిణ ఢిల్లీలో, ఎల్లో లైన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో చూడండి. మెట్రో గరిష్ఠ ఛార్జీ రూ.64, స్మార్ట్ కార్డుపై 10 శాతం రాయితీ ఉంది, కాబట్టి నెలకు 22 రోజులు ఆఫీసుకు వెళ్లివచ్చినా రూ.2,600 దాటదు. పన్ను విషయంలోనూ ఒక వెసులుబాటు ఉంది. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె భత్యం మినహాయింపును లెక్కించేటప్పుడు ఢిల్లీలో అద్దెకుంటే మూల వేతనంలో 50 శాతం వరకు, గురుగ్రామ్‌లో అయితే 40 శాతం వరకే పరిగణిస్తారు. ఇక్కడ చూసేది ఆఫీసు ఎక్కడుందని కాదు, అద్దె ఇల్లు ఎక్కడుందని. కొత్త విధానంలో ఈ మినహాయింపే లేదు కనుక ఏటా రెండు విధాలా లెక్క వేసి ఎంచుకోండి.

ఫ్లాటు మాత్రం అమ్మవద్దు. రూ.28,000 చొప్పున ఏడాదికి వచ్చే రూ.3,36,000 అద్దెలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోగా రూ.2,35,200 మిగులుతుంది. అద్దెకిచ్చిన ఇంటి రుణంపై వడ్డీని కొత్త విధానంలో కూడా ఈ మొత్తం మేరకు మినహాయించుకోవచ్చు. మీరే నివసిస్తున్న ఇంటికి ఆ విధానంలో ఈ సౌకర్యం లేదు. ఇక అక్కడ కొనడమంటారా, రెండు చలికాలాలు గడిపిన తర్వాత ఆ మాట మాట్లాడుకుందాం. నగరం మీకు నచ్చుతుందో లేదో తెలియకుండా ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

ఆరోగ్య బీమా సంస్థకు చిరునామా మార్పు తప్పక తెలియజేయండి. కొన్ని సంస్థలు నగరాన్ని బట్టి ప్రీమియం నిర్ణయిస్తాయి, తక్కువ ప్రీమియం ఉన్న ప్రాంతంలో తీసుకున్న పాలసీతో ఢిల్లీ ఆసుపత్రిలో చేరితే బిల్లులో కొంత మీ మీద పడవచ్చు. మీ దగ్గర పాత డీజిల్ కారు ఉంటే దాన్ని హైదరాబాద్‌లోనే అమ్మేయండి. కాలుష్యం ముదిరినప్పుడు బీఎస్-4 (పాత పొగ ప్రమాణం) డీజిల్ కార్లను ఢిల్లీలోనూ గురుగ్రామ్‌లోనూ రోడ్డెక్కనివ్వరు. పైగా 12 నెలలకు మించి అక్కడ ఉంచుకుంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి, ఆ రాష్ట్రానికి రోడ్డు పన్ను కట్టాల్సి వస్తుంది.