వేరుశనగ మొవ్వులు నల్లబడుతుంటే ల్యాబుకు ఏం పంపాలి?

నెల దాటిన వేరుశనగలో అక్కడక్కడా మొవ్వులు నల్లబడి మొక్కలు చస్తున్నాయనీ, అంగడివాళ్లు తెగులు మందు కొట్టమంటున్నారనీ, ల్యాబుకు పంపడం దండగేమోననీ అడిగారు. అనంతపురం దగ్గర మా చేలోనూ ఒక ఖరీఫ్‌లో ఇదే జరిగింది. నన్నడిగితే, మందు కొనే ముందే పంపండి.

ఎందుకంటే మొవ్వు చచ్చిపోవడం ఒక్క తెగులుకే ఉండే లక్షణం కాదు. మొవ్వుకుళ్లు వైరస్ వేరు, కాండం కుళ్లు వైరస్ వేరు. పైపైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 2000లో మన అనంతపురం జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశనగ దెబ్బతిన్నప్పుడు మొదట అందరూ మొవ్వుకుళ్లనే అనుకున్నారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించాకే అది కాండం కుళ్లు తెచ్చే పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. వయ్యారిభామ కలుపు మొక్క పైకి ఏ లక్షణమూ చూపకుండానే దీన్ని మోస్తుంది. తామర పురుగులు దాని పుప్పొడిని ఒంటికి అంటించుకుని వచ్చి, వేరుశనగ ఆకును గీరినప్పుడు వైరస్ లోపలికి పోతుంది. బూజు తెగుళ్ల మందు దీన్నేం చేస్తుంది?

మా నమూనా తీసుకున్నాయన మొక్కను పట్టుకోకముందే అడిగిన మాట: "గట్ల మీద ఏముంది?" ఉన్నదంతా వయ్యారిభామే. ఎలీసా అనే, వైరస్‌ను గుర్తించే ల్యాబు పరీక్షలో కాండం కుళ్లు వైరస్ అనే వచ్చింది. మందు డబ్బు మిగిలింది, పోయిన మొక్కలు మాత్రం పోయినవే.

ఇక నమూనా సంగతి. ఎక్కువమంది పూర్తిగా ఎండిన మొక్క తీసుకెళ్తారు. అందులో దొరికేది చచ్చినదాన్ని తినే బూజే, అసలు కారణం కాదు. ఇప్పుడిప్పుడే మొదలైనది, సగం ముదిరినది, పక్కనే ఉన్న బాగున్న మొక్క, ఈ మూడు రకాలూ కావాలి. పీకితే వేర్లు తెగుతాయి, పారతో మట్టితో సహా తవ్వండి. వేరు మట్టి ఆకులకు అంటకుండా వేర్ల వరకు కవరు కట్టి, పైభాగాన్ని పొడి పేపర్లో చుట్టండి. తడి చేసి ప్లాస్టిక్ కవర్లో బిగించి బస్సులో పంపితే అక్కడ కవరు విప్పేసరికి ముద్ద, వాసన. పురుగులుంటే చిన్న సీసాలో స్పిరిటు పోసి వేయండి. శనివారం పంపకండి, ఆదివారమంతా మూలన పడి ఉంటుంది.

దానితో ఒక కాగితం: రకం, విత్తిన తేదీ, విత్తనశుద్ధి చేశారా, ఇప్పటిదాకా ఏ మందులు కొట్టారు, తెగులు గట్టు వెంట మొదలైందా, చేనంతా ఉందా, పల్లంలోనే ఉందా. ఈ కాగితం సగం జబ్బు చెప్పేస్తుంది. కొట్టిన మందులు దాచకండి, మందు వల్ల మాడిన ఆకులను కూడా తెగులనుకునే ప్రమాదం ఉంది.

రేకులకుంట, కదిరి వ్యవసాయ పరిశోధన స్థానాలు, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే. అక్కడ కావలసిన పరీక్ష లేకపోతే ఎక్కడికి పంపాలో చెబుతారు, ముందు ఫోన్ చేసి వెళ్లండి. బూజును పెంచి చూడాలంటే కొన్ని రోజులు పడుతుంది, ఎలీసా అంతకంటే త్వరగా తేలుతుంది.

ఈలోగా గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి. వచ్చే ఏడు విత్తేటప్పుడు చేను చుట్టూ జొన్న వరుసలు వేయండి, ఎగిరి వచ్చే తామర పురుగులు చాలావరకు అక్కడే ఆగుతాయి.