సదస్సుల యాప్ నడిపే ఉద్యోగం నిలకడైనదేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఇటీవల ఒక వైద్య సదస్సులో రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర వాలంటీరుగా పనిచేసింది. అక్కడ మొబైల్ యాప్ నిర్వహించిన సంస్థవారు ఆమె పని చూసి ఉద్యోగం ఇస్తామన్నారు. సదస్సుకు వచ్చినవారు యాప్‌ను చివరి వరకూ వాడేలా చూడటమే పని అట. బ్యాంకు పరీక్షలకో, ఎంబీఏకో సిద్ధం కమ్మంటే వినడం లేదు. ఈ ఉద్యోగానికి భవిష్యత్తు ఉందంటారా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఉందండీ. అయితే ఈ పనిలో యాప్ మాత్రమే బయటికి కనబడుతుంది, దాని వెనుక జరిగేది ఇంట్లోవారికి తెలిసే అవకాశం తక్కువ. అందుకని ముందు ఆ పనేమిటో చెబుతాను.

నిర్వాహకులు ఎంత ఖర్చుపెట్టి యాప్ చేయించినా, ఆ గంటలో తమకు కావలసినది అందులో దొరికితేనే డెలిగేట్లు, అంటే సదస్సుకు వచ్చినవారు, దాన్ని తెరుస్తారు. వైద్య సదస్సునే తీసుకోండి. నాలుగు హాళ్లలో ఒకేసారి ప్రసంగాలు జరుగుతుంటే, తనకు పనికొచ్చేది ఏ హాల్లో ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవడం డాక్టరుగారికి మొదటి అవసరం. దాని తరువాతి అవసరం సీఎంఈ, అంటే డాక్టర్ల నిరంతర వైద్య విద్య, క్రెడిట్ గంటలు. డాక్టర్లకు అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఉండాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది కాబట్టి, హాలు గుమ్మం దగ్గర బ్యాడ్జి స్కాన్ చేయగానే హాజరు నమోదై, సాయంత్రానికి సర్టిఫికెట్ ఫోనులోకి వస్తుందంటే యాప్ వేసుకోమని ఎవరూ బతిమాలనక్కరలేదు. ఇలాంటి అవసరాలను ముందుగా పసిగట్టి, యాప్ తెరవగానే కనిపించే మొదటి పేజీలో ఏది ఉండాలో నిర్ణయించడమే మీ అమ్మాయి చేయబోయే పనిలో అసలు భాగం.

లైవ్ పోల్ సంగతి చూడండి. ‘సదస్సు మీకు నచ్చిందా’ అని అడిగితే నలుగురు నొక్కి ఊరుకుంటారు. అదే వక్త ఒక ఎక్స్‌రే తెరమీద చూపించి, ‘ఈ రోగికి ముందుగా ఏ పరీక్ష రాస్తారు’ అని నాలుగు జవాబులు ఇచ్చి, చర్చ జరిగిన తరువాత అదే ప్రశ్నకు మళ్లీ ఓటు వేయిస్తే, తమ అభిప్రాయం ఎటు మారిందో చూసుకోవాలన్న ఆసక్తితో హాలంతా ఫోన్లు తీస్తుంది. ఆ ప్రశ్న వక్త చేత ముందు రోజే రాయించాలి, వేదిక వెనుక ఒకసారి నడిపి చూడాలి, ఓట్లు తెరమీదికి ఏ క్షణంలో రావాలో ఆపరేటరుతో మాట్లాడుకోవాలి. ఇదంతా మనుషులతో ఓర్పుగా మాట్లాడి చేయించుకునే పని, కోడ్ రాసే పని చాలా తక్కువ.

నోటిఫికేషన్లు పంపడంలోనూ అంతే నిగ్రహం కావాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, వాడేవారు అనుమతిస్తేనే కొత్త యాప్ నోటిఫికేషన్లు పంపగలదు. హాలు మారిందన్న కబురుతో పాటు ప్రతి స్పాన్సరు ప్రకటననూ పంపుతూ పోతే ఆ అనుమతిని మధ్యాహ్నానికల్లా తీసేస్తారు, అప్పుడు నిజంగా చెప్పవలసిన మాట వారికి చేరదు. వందలమంది ఒకే హాల్లో చేరితే నెట్‌వర్క్ మందగించడం మామూలే కాబట్టి, కార్యక్రమ పట్టిక నెట్ లేకపోయినా తెరుచుకుంటుందో లేదో ముందే పరీక్షించుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. డెలిగేట్ల ఫోన్ నంబర్ల జాబితా ఇమ్మని స్పాన్సర్లు అడుగుతారు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది కనుక, ఎవరి సమ్మతితో, ఏ అవసరానికి ఇస్తున్నామో తెలియకుండా ఇవ్వకూడదని ఆమె మొదటి రోజునుంచే తెలుసుకుని ఉండాలి.

ఇక భవిష్యత్తు మాట. సదస్సుల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ అందించే, 1999లో అమెరికాలో మొదలైన సీవెంట్‌కు గురుగ్రామ్‌లో పెద్ద కార్యాలయం ఉంది. ప్రేక్షకుల ప్రశ్నలు, పోల్స్ నడిపే స్లైడో 2012లో బ్రాటిస్లావాలో పుడితే 2021లో సిస్కో కొనుక్కుంది. ఇదే పనికి మన జోహోకు బ్యాక్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, బెంగళూరులో ఎయిర్‌మీట్ అనే సంస్థ ఉంది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుల కేంద్రం హెచ్ఐసీసీ 2006లో ప్రారంభమైంది. 2010లో అంతర్జాతీయ గణిత మహాసభ కూడా అక్కడే జరిగింది. పని దొరకని రంగమైతే కాదు. కానీ 2020లో సదస్సులన్నీ ఒక్కసారిగా ఆగిపోవడం, ఆన్‌లైన్ సమావేశాలు విపరీతంగా పెరగడం, జనం మళ్లీ హాళ్లకు రాగానే ఆ ఊపు తగ్గడం కూడా ఈ రంగం చూసింది. అందువల్ల ఒక్క సంస్థ యాప్ వాడటం మాత్రమే వచ్చినవారు ఒడుదొడుకుల్లో ఇబ్బంది పడతారు. ఎంతమంది లాగిన్ అయ్యారు, ఏ సెషన్ మధ్యలో ఎంతమంది లేచి వెళ్లారు, ఏ స్టాల్‌కు ఎన్ని స్కాన్లు వచ్చాయి అనే లెక్కలను విశ్లేషించి, వచ్చే ఏడాది ఏం మార్చాలో నిర్వాహకులకు వివరించగలిగినవారికి ప్రొడక్ట్, కస్టమర్ సక్సెస్, మార్కెటింగ్ విభాగాల్లో ఎక్కడైనా చోటు ఉంటుంది. బీకాం చదివిన అమ్మాయికి ఎక్సెల్ ఎలాగూ పరిచయమే. దానికి డేటాబేస్ నుంచి లెక్కలు తీసే భాష ఎస్‌క్యూఎల్ ప్రాథమికాలు చేర్చుకోమనండి.

బ్యాంకు పరీక్షల విషయంలో మీరు ఆందోళన పడనవసరం లేదు. ఐబీపీఎస్ పీఓ పరీక్షకు జనరల్ అభ్యర్థులకే 30 ఏళ్ల వరకు అవకాశం ఉంది, తెలంగాణలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్ ప్రతి ఏటా జరుగుతుంది. ఒక ఏడాది ఉద్యోగం చేసి చూసినంత మాత్రాన ఆ దారులు మూసుకుపోవు. పైగా ఎంబీఏ చేయాలనుకుంటే, ఆ అనుభవం ఉన్న విద్యార్థికి తరగతిలో చెప్పేది బాగా ఒంటబడుతుంది. ఆమెను బలవంతంగా కోచింగ్‌లో చేర్పించడం కంటే ఒక ఏడాది గడువు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

అయితే ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. జీతం నెలనెలా వచ్చేదా, సదస్సుకు ఇంత అని ఇచ్చేదా? పీఎఫ్ ఉందా? సదస్సులు లేని నెలల్లో ఆమెకు ఏ పని అప్పగిస్తారు? సదస్సుకు ముందు రాత్రి ఏర్పాట్లు చాలా ఆలస్యంగా ముగుస్తాయి, వేరే ఊళ్లకు ప్రయాణాలూ తప్పవు. రాత్రివేళ ఇంటికి చేర్చే వాహనం, వేరే ఊళ్లో బస, తోడుగా వచ్చే బృందం గురించి రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్నలను మీరు ఫోన్ చేసి అడగకుండా మీ అమ్మాయి చేతనే ఈమెయిల్‌లో అడిగించండి. మూడు నాలుగు రోజుల్లో సూటిగా జవాబిచ్చిన సంస్థ అయితే చేరనివ్వండి. దాటవేస్తే, అదే పని చేసే వేరే సంస్థలకు దరఖాస్తు పెట్టించండి.