నాకు దేవుడి మీద నమ్మకం లేదు, మా పాపకు ఉంది

"నాకు దేవుడంటే నమ్మకం లేదు, అత్తమామలు భక్తులు. నాలుగేళ్ల బాబును వాళ్లతో గుడికి పంపనా, వద్దా?" అని అడిగారు. పంపండి. మాది నెల్లూరు, ఉమ్మడి కుటుంబం, ఇద్దరు పిల్లలు. నేనెక్కడ తప్పు చేశానో ముందు అది చెప్తాను.

పాప అయిదో తరగతిలో ఉండగా పరీక్ష రోజు పొద్దున్నే నాయనమ్మతో కలిసి దీపం పెట్టి వచ్చింది. "దీపం పెడితే మార్కులొస్తాయా? చదివితే వస్తాయి" అన్నాను. కొన్నాళ్లకు పెన్సిల్ చెక్కి పెడదామని దాని కంపాస్ బాక్స్ తెరిస్తే, స్కేలు కింద మడత పెట్టిన కాగితంలో చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ. నాకు కనపడకుండా దాచుకుంది! నమ్మకం లేదని మా నాన్నకు చెప్పే ధైర్యం లేక, పూజలో కళ్లు మూసుకుని కూర్చున్న నా పదహారో ఏడు గుర్తొచ్చింది. ఆయన దగ్గర నేను దాచినట్టే ఇదీ నా దగ్గర దాస్తోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అలా అనడం నాదే తప్పని చెప్పాను.

ఇప్పుడు "దేవుడున్నాడా అమ్మా?" అంటే, "నేను లేడనుకుంటున్నాను, నాయనమ్మ ఉన్నాడంటుంది, నువ్వు ఆలోచించుకో, తొందరేం లేదు" అంటాను. నా మాట దాచను, అలాగని దాని మీద రుద్దను.

భయపెట్టే చోట మాత్రం ఊరుకోను. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం. మా బాబు అప్పటికి చిన్నవాడు, ఆకలని ఏడుస్తున్నాడు. విడుపు స్నానం అయ్యేదాకా ఏమీ పెట్టొద్దన్నారు అత్తమ్మ. వాడికి ఇడ్లీ తినిపించి, గ్రహణం అద్దాలు పెట్టి మేడ మీదకు తీసుకెళ్లాను. "సూర్యుణ్ణి ఎవరో కొరికారు" అన్నాడు. అత్తమ్మ తన ఉపవాసం తను ఉన్నారు, ఆవిడను నేను ఒక్క మాట అనలేదు. గుడి, ప్రసాదం, కథలు వేరు. తింటే కీడు, ముట్టుకుంటే మైల అనేవి వేరు. ఆ తేడా పిల్లలకు తెలియాలి. స్కూలు గురించి బెంగపడకండి. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణలోనే ఉంది.

అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అన్న ఏడాది, రొట్టెల పండక్కి తీసుకెళ్లమని పాప పట్టుబట్టింది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు. మోకాళ్ల లోతు నీళ్లలో జనం మధ్య "ఆరోగ్యం రొట్టె, ఆరోగ్యం రొట్టె" అని అరుస్తూ తిరిగింది పాప. బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ దాని తల మీద చెయ్యి పెట్టి, రొట్టె ఇచ్చింది. పాప సగం తిని, సగం నాయనమ్మకని కొంగులో కట్టమని నాకిచ్చింది. "అమ్మా, నువ్వు నమ్మవు కదా, మరి నీళ్లలోకి ఎందుకు దిగావు?" అంది. "నువ్వు దిగావు కదా" అన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు చలవ అని నేనంటాను, రొట్టె చలవ కూడా అని అదంటుంది. రొట్టె తీసుకున్నవాళ్లు కోరిక తీరితే మళ్లీ ఏడాది వచ్చి ఇవ్వాలి. ఆ రొట్టెలు నేనే కాల్చాను.